అన్నం మానేస్తే పెళ్లినాటికి సన్నబడతానా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది మిర్యాలగూడ. నా వయసు 38. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఎత్తు ఐదు అడుగుల ఒక అంగుళం, బరువు 74 కిలోలు. మాఘమాసంలో మా బావగారి బిడ్డ పెళ్లి ఉంది. మా వాడకట్టులో ఒకామె అన్నం, రొట్టె, చక్కెర అన్నీ బంద్ చేసి 18 రోజుల్లో 5 కిలోలు తగ్గింది. గుడ్లు, చికెన్, పన్నీరు, కొబ్బరి నూనె మీదే ఉందట. నేను నెల రోజులు మామూలుగా తిండి తగ్గించి చూశాను, కిలో కూడా తగ్గలేదు. ఇట్లా పిండి పదార్థాలు తగ్గించే లో కార్బ్ డైట్ చేస్తే నిజంగానే త్వరగా తగ్గుతామా? మా ఆయనకు ఆరేళ్లుగా షుగర్. పొద్దున, రాత్రి గోలీలు వేసుకుంటారు. ఆయన కూడా నాతోపాటే మొదలుపెడతానంటున్నారు. మా అత్తమ్మది మర్రిగూడ వైపు. ఆమెకు మోకాళ్లు, నడుము పట్టేశాయి. బరువు తగ్గితే నొప్పులు పోతాయని ఆమెకు కూడా ఇదే డైట్ చెప్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఉత్తరం నిండా మీ గురించి రాసి, మీ ఆయన గురించి రెండు మాటలే రాశారు. నేను ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాను. అందుకే ముందు ఆయన సంగతి చెప్తాను. మీరు రేపటి నుంచే అన్నం తగ్గించుకున్నా ఫరవాలేదు. ఆయన మాత్రం డాక్టర్‌ను కలవకుండా ఒక్క పూట కూడా అన్నం మానొద్దు.

షుగర్ గోలీలన్నీ ఒకేలా పనిచేయవు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ ఎక్కువ వచ్చేలా చేస్తాయి. ఆయన రోజూ తినే తిండిని బట్టే డాక్టర్ ఆ డోసు రాసి ఉంటారు. తిండిలోంచి అన్నం తీసేసి గోలీ మాత్రం అదే వేసుకుంటే, వచ్చిన ఇన్సులిన్‌కు పని దొరక్క రక్తంలో ఉన్న కాస్త చక్కెరను కూడా కిందికి లాగేస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. మా తమ్ముడికి జరిగింది. ఊళ్లో కిరాణం దుకాణం వాడిది. కొన్నేళ్ల కింద కొబ్బరి నూనె డైట్ ఊరూరా మారుమోగుతున్నప్పుడు, అక్కను అడిగితే వద్దంటుందని నాకు కూడా చెప్పకుండా మొదలుపెట్టాడు. మూడో రోజు సామాను కోసం జడ్చర్ల పోయాడు. బస్టాండులో బెంచీ మీద కూర్చుంటే చొక్కా మొత్తం చెమటతో తడిసి వీపుకు అతుక్కుపోయిందట. ఫోన్ తీశాడు గానీ వేళ్లు వణికి లాక్ తీయలేకపోయాడు. పక్కన కూర్చున్నాయన, పొద్దుగాలే తాగినట్టున్నాడని లేచి దూరం జరిగాడు. పూలమ్మే ఒక ముసలమ్మ మాత్రం దగ్గరికి వచ్చి ముఖం చూసి, "షుగరున్నదా బిడ్డా?" అని అడిగి, పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించి, దాంట్లో ఇంకో రెండు చెంచాల చక్కెర వేయించి తాగించింది. ఆ తర్వాత ఆసుపత్రిలో చూస్తే, అంత తీపి చాయ్ తాగాక కూడా షుగర్ 58 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం మొదలైనట్టు లెక్క. ఆ ముసలమ్మ ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు. ఆమెను తలుచుకోని పండుగ లేదు మా ఇంట్లో.

ఇంకో రకం గోలీలున్నాయి. పేరు చివర 'ఫ్లోజిన్' అని ఉంటుంది: డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. ఇవి చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి. ఇవి వేసుకుంటూ పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు రక్తంలో ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. మీటరు మీద షుగర్ మరీ ఎక్కువగా కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఊరుకుంటారు. అప్పుడు నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు ఈ భయాలు చాలా తక్కువ. మీ ఆయన గోలీ ఏ రకమో మీరు రాయలేదు. చాలా గోలీల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. అట్ట మీద సన్నని అక్షరాల్లో పేర్లు ఉంటాయి, చూడండి. ఆ అట్టను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, "అన్నం సగానికి తగ్గిద్దామనుకుంటున్నా, గోలీ ఎంత తగ్గించాలి?" అని అడగమనండి. బీపీ గోలీ కూడా ఉంటే అదీ చెప్పాలి. ఈ తిండితో ఒంట్లో ఉప్పు, నీరు తగ్గి బీపీ కూడా పడిపోతుంది.

ఆయన అన్నం తగ్గించుకోవద్దని నేను అనడం లేదు. నిజానికి ఇంట్లో ఈ మార్పు అందరికంటే ఎక్కువ మేలు చేసేది ఆయనకే. పిండి పదార్థాలు తగ్గిస్తే మొదటి ఆరు నెలల్లో షుగర్ బాగా అదుపులోకి వస్తుందని, కొందరికి గోలీలు కూడా తగ్గుతాయని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. ఏడాది గడిచేసరికి ఆ తేడా తగ్గుతుంది. డాక్టర్‌కు తెలిసి, ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకుని మొదలుపెడితే చాలు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, ఒక చక్కెర పొట్లమో ఉంచుకోమనండి. చెమటలు, వణుకు, గుండె దడ అనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

ఇక మీ ప్రశ్న. లో కార్బ్‌తో త్వరగా తగ్గుతామా? మొదట్లో, అవును. మీ వాడకట్టు ఆమె అబద్ధం చెప్పలేదు. కాటా కూడా అబద్ధం చెప్పలేదు. కాకపోతే కాటా మొత్తం ఒంటిని తూస్తుంది. తగ్గింది కొవ్వా, నీళ్లా అని అది చెప్పలేదు.

మన ఒంట్లో పిండి పదార్థాన్ని గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకునే కొట్లు రెండున్నాయి. కాలేయంలో 100 గ్రాముల దాకా, కండరాల్లో ఇంకో 400 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే ఒళ్లు ముందు ఈ కొట్లను ఖాళీ చేస్తుంది. గ్లైకోజెన్ పోతే దాన్ని పట్టుకున్న నీళ్లూ పోతాయి. ఇన్సులిన్ తగ్గడం వల్ల కిడ్నీలు ఉప్పును, దాంతో ఇంకాస్త నీటిని బయటికి పంపిస్తాయి. అట్లా మొదటి వారం పది రోజుల్లో రెండు కిలోల దాకా నీళ్ల బరువే పోవచ్చు. ముంజేతి గాజులు వదులవుతాయి, ముఖం ఉబ్బు తగ్గుతుంది, సంతోషమేస్తుంది. ఒక పెళ్లిలో రెండు పూటలు బగారన్నం తింటే ఆ రెండు కిలోల్లో చాలావరకు తిరిగి వస్తుంది. అప్పుడు చాలామంది, "నా ఒంటికి ఏదీ పడదు" అని ఏడుస్తూ నా దగ్గరికి వస్తారు. వాళ్ల ఒంటికి ఏమీ కాలేదు. కొట్లు మళ్లీ నిండాయి, అంతే.

లెక్క వేసి చూడండి. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. 5 కిలోలంటే 38,500. రోజంతా మిషన్ ముందు కూర్చునే మీలాంటి మనిషికి రోజు మొత్తం మీద ఖర్చయ్యేదే 1,800 చుట్టూ ఉంటుంది. అంటే 18 రోజులు పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నా 5 కిలోల కొవ్వు కరగదు. ఆమెకు నిజంగా కరిగింది బహుశా కిలోన్నర, రెండు కిలోలు. అదీ తక్కువేం కాదు. కానీ 5 కిలోలని మీరు మనసులో పెట్టుకుని, నాకు రెండే తగ్గిందని టెన్షన్ పడొద్దు.

నీళ్ల లెక్క తీసేసినా ఈ పద్ధతిలో మొదటి ఆరు నెలలు కాస్త ఎక్కువే తగ్గుతారు. 2003లో అమెరికాలో ఫాస్టర్ అనే పరిశోధకుడి బృందం 63 మందిని రెండు గుంపులు చేసి ఏడాది చూసింది. ఒక గుంపు పిండి పదార్థాలు బాగా తగ్గించే అట్కిన్స్ పద్ధతి, ఇంకో గుంపు కొవ్వు తగ్గించి కేలరీలు లెక్క పెట్టుకునే మామూలు పద్ధతి. ఆరు నెలలకు మొదటి గుంపు తమ బరువులో 7 శాతం, రెండో గుంపు 3 శాతం చిల్లర తగ్గారు. ఏడాదికి వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇంకా పెద్దగా, 609 మందితో చేసింది. ఏడాదికి కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ ముప్పావు కిలో తేడా లెక్కలోకి వచ్చేది కాదు. నాకు ఆ అధ్యయనంలో ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. రెండు గుంపుల్లోనూ కొందరు 25 కిలోలకు పైగా తగ్గారు, కొందరు బరువు పెరిగారు కూడా. రెండు గుంపులకూ చక్కెర, మైదా మానేయమని, కూరగాయలు బాగా తినమని, ఇంట్లో వండుకోమని చెప్పారు. అవి పట్టుకుని ఏడాది పొడవునా నిలబడ్డవాళ్లే ఏ గుంపులో ఉన్నా బాగుపడ్డారని నా అనుభవం కూడా చెప్తుంది.

ఈ మాట కొత్తదీ కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మానేసి సన్నబడ్డానని చిన్న పుస్తకం వేశారు. పద్ధతి అప్పటినుంచీ ఉంది, మళ్లీ మళ్లీ కొత్త పేరుతో వస్తుంది.

మరి మీకు నెల రోజుల్లో కిలో కూడా ఎందుకు తగ్గలేదు? మీ ఉత్తరంలో "తిండి తగ్గించాను" అన్నారు. ఏం తగ్గించారో రాయలేదు. నేను ఊహించి చెప్తాను, తప్పయితే క్షమించండి.

పోయిన ఎండాకాలం దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. "నేను తినేదే పిడికెడు మేడం" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా దగ్గర వంటింట్లో వాడే చిన్న కాటా ఉంటుంది. మధ్యాహ్నం అన్నం టైముకు వచ్చింది కాబట్టి, నాతోనే తినమని కూర్చోబెట్టి, ఇంట్లో ఎట్ల పెట్టుకుంటుందో అట్లనే పెట్టుకోమన్నాను. ప్రతిసారీ కంచాన్ని కాటా మీద పెట్టాను. మొదట పప్పులోకి అన్నం, 180 గ్రాములు. పప్పు రెండు గరిటెలు. కూర ఒక చెంచా, అదీ అంచుకు. ఆ తర్వాత పచ్చిపులుసులోకి ఇంకాస్త అన్నం, 140 గ్రాములు. చివరికి పెరుగులోకి "ఇంత" అంటూ 110 గ్రాములు. మొత్తం 430 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండి పదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక్క పూటకే 120 గ్రాములు. ఆమె కాటా అంకెలను చాలాసేపు చూసింది. "ఒక్కసారి పెట్టుకుంటే ఇంత అని తెలుస్తుండె. మూడుసార్లు పెట్టుకుంటే కొంచెం కొంచెమే అనిపించింది" అంది. ఇంకో మాట కూడా అంది, అది నేను మరిచిపోలేను: "సన్నబడాలని కూర తగ్గించిన మేడం. గుడ్డు కూడా పిల్లలకే పెడుతున్న."

మన ఇళ్లల్లో ఆడవాళ్లు తిండి తగ్గించడమంటే ఇదే. కూర పోతుంది, గుడ్డు పోతుంది, పాలు పోతాయి. అన్నం మాత్రం మిగులుతుంది, ఎందుకంటే మన భోజనంలో ప్రతిదీ అన్నాన్నే అడుగుతుంది. పప్పుకు అన్నం కావాలి, చారుకు అన్నం కావాలి, పెరుగుకు అన్నం కావాలి, తొక్కుకు అన్నం కావాలి. సాగర్ ఎడమ కాలువ నీళ్ల కింద పండే వడ్లు, కూతవేటు దూరంలో రైస్ మిల్లులు ఉన్న మిర్యాలగూడలో ఇది ఇంకా ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి షుగర్ జబ్బు మీద దేశం మొత్తం చేయించిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వేలో మనవాళ్లకు కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 45 శాతం మించొద్దని చెప్పింది. కాబట్టి మీరు పన్నీరు, కొబ్బరి నూనె దాకా పోనక్కర్లేదు. అన్నాన్ని ఇప్పుడున్న దాంట్లో సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, కూర నింపితే మీరు లో కార్బ్ వైపు చాలా దూరం నడిచినట్టే.

ఎట్లా చేయాలో చెప్తాను. మధ్యాహ్నం అన్నం ఒక్కసారే పెట్టుకోండి, ఒక చిన్న కప్పు, 150 గ్రాములు. దాన్ని మూడు భాగాలు చేసుకోవద్దు. పప్పుతో తినేయండి, అయిపోయింది. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా, పెద్ద కప్పు నిండా. కూర అంచుకు కాదు, అన్నానికి రెండింతలు. ఆనిగెపుకాయ, బీరకాయ, గోకరకాయ, పుంటికూర, తోటకూర, ఏదైనా. చారు, పచ్చిపులుసు గ్లాసులో పోసుకుని తాగండి. మొదటి వారం వింతగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా ఏదో ఒకటి అంటారు. రెండో వారానికి అలవాటవుతుంది. పెరుగు గిన్నెలో వేసుకుని, కీరానో ఉల్లిగడ్డనో తరిగి కలిపి, చెంచాతో తినండి. ఒక్క ఈ పనితోనే మీ మధ్యాహ్నం భోజనంలో 70, 80 గ్రాముల పిండి పదార్థం తగ్గుతుంది, కడుపు మాత్రం నిండే ఉంటుంది.

నాష్టాకు రెండు ఉడికించిన గుడ్లు, ఒక జొన్న రొట్టె. గుడ్లు తినని రోజు పెసరట్టు. రాత్రికి మళ్లీ రొట్టె ఒకటి, దాంతోపాటు కూర లేదా చేపల పులుసు. వారంలో రెండుసార్లు చికెన్ గానీ చేప గానీ. మీకు రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు వస్తుంది. చవకగా దొరికే మంచి ప్రొటీన్ అది, కాబట్టి ఇంట్లో అందరికీ పెట్టాక మిగిలితే తింటాననొద్దు. మీ రెండు గుడ్లు ముందే పక్కన పెట్టుకోండి. చాయ్‌లో చక్కెర మానేయండి. ఇది ఒక్కటి మాత్రం సగం సగం కాదు, మొత్తం. రోజుకు నాలుగు చాయ్‌లు తాగే ఇంట్లో, చాయ్‌కి రెండు చెంచాలు వేసినా ఎనిమిది చెంచాల చక్కెర, అంటే 40 గ్రాములు.

జొన్న రొట్టె గురించి కాస్త ఆగి చెప్పాలి. నేను పాలమూరు పల్లెలో పుట్టాను. మా అమ్మ వేడినీళ్లు పోసి పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో నీళ్లు అద్దే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. జొన్న మీద నాకున్న ప్రేమకు హద్దు లేదు. అయినా నిజం చెప్పాలి: జొన్న లో కార్బ్ కాదు. పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహారాల పట్టిక ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములుంటే, జొన్నల్లో 68 దాకా ఉంది. తేడా పీచు దగ్గర వస్తుంది. బియ్యంలో మూడు గ్రాములు కూడా లేని పీచు జొన్నలో పది గ్రాములు. ప్రొటీన్ కూడా రెండు గ్రాములు ఎక్కువ. రొట్టెను అన్నంలా గబగబా మింగలేం, నమలాలి. మెల్లగా అరుగుతుంది. అందుకే ఒకటి రెండు రొట్టెలకు కడుపు నిండుతుంది. కానీ, "జొన్నే కదా" అని నాలుగు పెద్ద రొట్టెలు తింటే అది పెద్ద కంచెడు అన్నం తిన్నట్టే. మీ ఆయనకు ఇది మరీ ముఖ్యం. షుగర్ ఉన్నవాళ్లు రొట్టె ఎన్నయినా తినొచ్చన్న మాట నల్లగొండ, పాలమూరు అంతటా తిరుగుతోంది. అది తప్పు.

కొబ్బరి నూనె జోలికి పోవద్దు. 70 గ్రాముల నూనె తాగితే 630 కేలరీలు. మీ ఒంటి కొవ్వు కరగాల్సిన చోట ఆ నూనె కరుగుతుంది. ఇంట్లో ఏ నూనె అయినా మనిషికి నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు మించకుండా చూసుకోండి. పల్లీలు మంచివే, ప్రొటీన్ ఉంది. కానీ టీవీ చూస్తూ గిన్నెడు తింటే అదీ ఒక భోజనమే. గుప్పెడు లెక్కపెట్టి పక్కన పెట్టుకోండి.

మీరు అన్నం పూర్తిగా మానేసి కీటోలాగానే చేస్తానంటే నేను పట్టుకుని ఆపలేను. ఆరోగ్యంగా ఉన్న మనిషి కొన్నాళ్లు చేయగలదు. మొదటి వారం తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం, మలబద్ధకం వస్తాయి. ఉప్పు, నీళ్లు పోవడమే కారణం. కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, మూడు నెలలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు మొదలుపెట్టొద్దు. ఇవన్నీ ఒక ఎత్తు, మీ రోజు ఇంకో ఎత్తు. పిల్లలకు, అత్తమ్మకు అన్నం, మీకు విడిగా ఇంకో వంట. జాకెట్లు కుట్టుకుంటూ అది ఎన్నాళ్లు చేయగలరు? మీ వాడకట్టు ఆమెను వచ్చే ఉగాదికి అడిగి చూడండి, ఇంకా గుడ్లు, పన్నీరు మీదే ఉందా అని. ఇది ఆమెను తక్కువ చేయడానికి కాదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో అన్నాన్ని పూర్తిగా మానినవాళ్లు ఎక్కువమంది నాలుగో నెలకు తిరిగి వచ్చారు. సగం చేసుకున్నవాళ్లలో చాలామంది ఇప్పటికీ సగమే తింటున్నారు.

మీ అత్తమ్మను మాత్రం ఈ డైట్‌లోకి లాగకండి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగారు. ఆమె నడుము, మోకాళ్లు పట్టేయడంలో దాని పాత్ర ఉందో లేదో ఎముకల డాక్టర్ చూసి చెప్పాలి. అది బరువు వల్ల మాత్రమే వచ్చిన నొప్పి అనుకుని ఆమె తిండి తగ్గిస్తే, ఆ వయసులో కొవ్వుకంటే ముందు కండ పోతుంది, ఉన్న బలం కూడా పోతుంది. ఫ్లోరైడ్ దెబ్బ తగిలిన ఒంటికి కాల్షియం బాగా అందాలి. రోజూ పాలు, పెరుగు, వీలైతే రాగి అంబలి, ఒక గుడ్డు, నిమ్మకాయో ఉసిరికాయో పెట్టండి. తాగడానికీ వంటకూ బోరు నీళ్లు వాడొద్దు, నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడండి.

రోజూ సాయంత్రం అరగంట నడవండి. మిషన్ మీద గంటసేపు కూర్చుంటే ఐదు నిమిషాలు లేవండి. దీని గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

పండుగ ముందుంది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది అన్నీ తినండి, ఆ రాత్రికి లెక్కలు వద్దు. తెల్లారి కాటా ఎక్కొద్దు. ఎక్కితే కిలో ఎక్కువ చూపిస్తుంది, అదీ నీళ్లే. బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజులు కూడా ఇవే. రోజు మార్చి రోజు ఒకటి తింటే ఏమీ కాదు. ఆ రోజు రొట్టె ఒకటి తగ్గించుకోండి. మీ ఆయనకు సగం పండు.

మీ ఎత్తుకు 74 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, 31కి దగ్గర. మనవాళ్లకు 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తగ్గడం అవసరమే. కానీ మాఘమాసం ఇంకా నాలుగు నెలలుంది. వారానికి అరకిలో చొప్పున తగ్గినా పెళ్లినాటికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. అది కొవ్వు, నీళ్లు కాదు.

అది కొవ్వేనని ఎట్లా తెలుస్తుందంటారా? మీ మెడలో రోజంతా టేపు వేలాడుతూనే ఉంటుంది కదా. నేను కాటా కంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను. నీళ్లు పోతే కాటా దిగుతుంది గానీ నడుం కొలత పెద్దగా మారదు. కొవ్వు కరిగితే కాటా ఆగిపోయిన వారంలో కూడా నడుం దిగుతుంది. రేపు పొద్దున పరగడుపున, ఊపిరి మామూలుగా వదిలి, పక్కటెముకల చివరకూ తుంటి ఎముకకూ మధ్యన, టేపు ఒంటిని నొక్కకుండా పెట్టి కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. మీ ఆయనకు 90 సెంటీమీటర్లు. ఇద్దరి కొలతలూ మీరు గిరాకీల కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే ఒక పేజీ తీసి రాయండి. పదిహేను రోజులకొకసారి అదే చోట, అదే పూట.

పెళ్లికి మీ జాకెట్ మాత్రం ఇప్పుడే కత్తిరించకండి. బట్ట కొని పెట్టుకోండి, కొలత సంక్రాంతి తర్వాత తీయండి. అప్పుడు ఆ పేజీలో ఏం రాసి ఉందో నాకు ఒక ఉత్తరం రాయండి. డాక్టర్ మీ ఆయన గోలీ ఎంత మార్చారో కూడా అందులో రాయడం మరిచిపోవద్దు.